మన భాష రేడియోను ఎంతమంది వింటున్నారు? ఆ లెక్క ఎవరి దగ్గర ఉంది?

కొన్నాళ్ళ కింద ఒక సమావేశంలో మేం ఒక కోరిక పెట్టాం. రేడియోలో గోండి, కోయ, కొలామి కార్యక్రమాలకు ఇంకొంత సమయం ఇవ్వాలన్నాం. అక్కడున్న ఒక పెద్దమనిషి మర్యాదగానే ఎదురు ప్రశ్న వేశాడు. "అడగడం బాగానే ఉంది మాస్టారూ, ఇప్పుడు వస్తున్నదాన్ని ఎంతమంది వింటున్నారు? మీ దగ్గర లెక్క ఉందా?" మా దగ్గర లెక్క లేదు. "మా గూడేలల్ల అందరూ వింటరు సార్" అన్నాడు మాలో ఒకరు. ఆ మాట నిజం కాదని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చర్చ అక్కడితో ముగిసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన్ని కాసేపు తిట్టుకున్నాం. ఇల్లు చేరాక ఆలోచిస్తే ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. ఒక కార్యక్రమానికి గంట ఇవ్వాలన్నా, ఉన్న అరగంట తీసేయాలన్నా, వినేవాళ్ళెందరో ఎవరైనా అడుగుతారు. తప్పు ఎక్కడుందంటే, జవాబు చెప్పగలిగే లెక్క మన గురించి ఎవరూ తీయలేదు. మనమూ తీసుకోలేదు. అందుకే తోటి ఉపాధ్యాయుల కోసం, చదువుకుంటున్న తమ్ముళ్ళ, చెల్లెళ్ళ కోసం ఈ వ్యాసం రాస్తున్నాం. రేడియో రేటింగులు అంటే ఏమిటి, ఎక్కడ దొరుకుతాయి, వాటిలో మనం ఎందుకు కనిపించం, కనిపించాలంటే ఏం చేయాలి అన్నది ఇందులో మా విమర్శ.

దొరికే లెక్కలు

మన దగ్గర స్థానిక రేడియో కొత్తదేమీ కాదు. ఆకాశవాణి మొదటి స్థానిక కేంద్రం 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో పెట్టారు. 1986లో ఆదిలాబాద్ కేంద్రం వచ్చింది. తర్వాత కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం, కర్నూలు వంటి చోట్ల వచ్చాయి. ఆదిలాబాద్ నుంచి గోండిలో, పక్కనే ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ నుంచి హల్బీలో, గోండిలో ప్రసారాలు సాగాయి. మా తరం బడిపిల్లలుగా ఉన్నప్పుడు పెట్టెలోంచి మన మాట వినిపిస్తే ఇంట్లోవాళ్ళు పని ఆపి నవ్వుకున్నారు. ఆ నవ్వు ఏ రికార్డులోనూ లేదు.

రికార్డుల్లో ఉన్నదేమిటి? ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ల కోసం 2007లో 'రామ్' అనే కొలత మొదలైంది. 'రేడియో ఆడియెన్స్ మెజర్‌మెంట్' అన్న మాటలకు అది పొట్టిపేరు. టామ్ అనే సంస్థ ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో మొదలుపెట్టి తర్వాత కోల్‌కతాను చేర్చింది. నగరానికి 480 మందిని ఎంచుకుని, వాళ్ళ చేతికి ఒక డైరీ ఇచ్చి, ఏ స్టేషను ఎంతసేపు విన్నదీ రాయించేవాళ్ళు. ప్రకటనలు ఎవరికి ఇవ్వాలో కంపెనీలు తేల్చుకోవడానికే ఆ ఏర్పాటు. హైదరాబాదుకే ఆ జాబితాలో చోటు లేకపోతే ఉట్నూరు, పాడేరు, భద్రాచలం మాట ఎత్తనక్కరలేదు.

రెండోది ఇండియన్ రీడర్‌షిప్ సర్వే. పేపరు, టీవీ, రేడియో, ఇంటర్నెట్ అన్నిటి గురించీ ఇళ్ళకు వచ్చి అడిగేది. 2019 సర్వేలో 3 లక్షలకు పైగా ఇళ్ళు ఉన్నాయి. పెద్ద సర్వేనే. కానీ దాని చూపు రాష్ట్రాల మీద, పట్టణాల మీద, పెద్ద పేపర్ల మీద ఉండేది. వారానికి కొన్ని నిమిషాలు వచ్చే కొలామి పాటల కార్యక్రమం గురించి అది చెప్పలేదు.

మూడోది ఆకాశవాణి సొంత శ్రోతల పరిశోధన విభాగం. ఈ విభాగం ఉండటం మంచి విషయం. అది చేసే సర్వేలు కేంద్రం అధికారులు చదువుకోవడానికి ఎక్కువ, శ్రోతలు చదువుకోవడానికి తక్కువ. మా గూడెం గురించి అడిగి రాసుకున్నది మా గూడేనికి తిరిగి చదివి వినిపించడం మేం ఎరుగం.

నాలుగోది ఈమధ్య వచ్చింది. 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో 200కు పైగా ఆకాశవాణి ప్రసారాలు ఇంటర్నెట్ ద్వారా వినవచ్చు. ఏ నగరంలో ఏ ప్రసారం ఎక్కువ వింటున్నారో ప్రసారభారతి 2021 నుంచి కొంతకాలం ర్యాంకులు ప్రకటించింది. అందరికీ తెలిసేలా ప్రకటించడం మెచ్చుకోవలసినదే. కానీ అవి యాప్ విన్నవాళ్ళ ర్యాంకులు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్ళు అందులో ఎట్లా లెక్కకు వస్తారు?

మెతుకు పట్టి చూడటం

480 మందిని అడిగి ఒక మహానగరం సంగతి చెప్పడం మోసం కాదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. కాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినం, ఒక్క మెతుకు పట్టి చూస్తాం. సరిగ్గా ఎంచుకుంటే కొద్దిమందిని అడిగినా పెద్ద సంగతి తెలుస్తుంది. అయితే ఆ పద్ధతికి ఒక షరతు ఉంది. మెతుకు ఏ కుండలోంచి తీశారో ఆ కుండ గురించే అది చెబుతుంది. బియ్యం కుండలో మెతుకు పట్టి, పక్క పొయ్యి మీది జొన్న గటక ఉడికిందని చెప్పలేం.

లెక్క వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 29.8 లక్షలు. దేశ జనాభా 121 కోట్లు. అంటే వెయ్యి మందిలో ఇద్దరు ముగ్గురు. దేశమంతటికీ కలిపి 480 మందిని జనాభా ప్రకారం ఎంచుకుంటే అందులో గోండి మాట్లాడే మనిషి ఒక్కడు వస్తాడు. కొలామి మాట్లాడేవాళ్ళు సుమారు 1.28 లక్షలు. పదివేల మందిని ఎంచుకుంటే ఒక కొలాం మనిషి వస్తాడు. ఆ రోజు ఆయనకు జ్వరం వచ్చి రేడియో పెట్టకపోతే కొలామి కార్యక్రమానికి శ్రోతలు సున్నా. పెడితే కొలాంలంతా వింటున్నట్టు. రెండూ అబద్ధాలే, రెండూ పద్ధతి ప్రకారం వచ్చినవే.

కాబట్టి 'మీ కార్యక్రమానికి రేటింగు లేదు' అని ఎవరన్నా, దానికి 'ఎవరూ వినడం లేదు' అని అర్థం కాదు. 'మిమ్మల్ని అడగలేదు' అని అర్థం. ఈ తేడా మన పిల్లలకు తప్పకుండా నేర్పాలి.

ఇంకో తేడా కూడా ఉంది. ఒక ఊళ్ళో 100 మంది పెద్దవాళ్ళున్నారనుకోండి. నిన్న 30 మంది రేడియో విన్నారు. ఆ 30 మందిలో 12 మంది గోండి కార్యక్రమం విన్నారు. ఊరి మొత్తం మీద చూస్తే అది 12 శాతం. రేడియో విన్నవాళ్ళలో చూస్తే 40 శాతం. రెండూ నిజమే. కార్యక్రమం తీసేయాలనుకున్నవాళ్ళు మొదటి అంకె చెబుతారు, ఉంచాలనుకున్నవాళ్ళు రెండోది చెబుతారు. అంకె వినగానే 'దేనిలో శాతం?' అని అడగడం మనకు అలవాటు కావాలి.

అంకె దగ్గర డబ్బు ఉంటే దానికి రోగం కూడా పడుతుంది. 2020లో టీవీ రేటింగుల విషయంలో, కొలత పెట్టెలు ఉన్న ఇళ్ళవాళ్ళకు డబ్బులిచ్చి ఫలానా చానల్ పెట్టించారన్న ఆరోపణలపై ముంబయి పోలీసులు కేసు పెట్టారు. వార్తా చానళ్ళ రేటింగులు ఆ అక్టోబరులో ఆపేసి, మళ్ళీ 2022 మార్చిలోగానీ ఇవ్వలేదు. రేటింగు అంటే దేవుడి మాట కాదు. మనుషులు వేసిన లెక్క.

అందడం వేరు, వినడం వేరు

ఆకాశవాణి తన గురించి చెప్పుకునే అంకెలు గొప్పవి. దేశ విస్తీర్ణంలో 92 శాతానికి, జనాభాలో 99.19 శాతానికి ప్రసారం అందుతుందని, 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారాలు ఉన్నాయని చెబుతుంది.

ఇందులో మొదటిది అందుబాటు లెక్క. ప్రసారం ఊరి మీదుగా పోతే ఊరు విన్నట్టు కాదు. పైగా మన దగ్గర గుట్టలున్నాయి. మీడియం వేవ్ తరంగం నేల పట్టుకుని వంపు తిరిగి పోతుంది. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు పోయినట్టు తిన్నగా పోతుంది. గుట్టకు ఇవతలి గూడేనికి గలగలా వినిపించేది అవతలి గూడేనికి గరగరా వినిపిస్తుంది. మ్యాపులో రెండు గూడేలూ ఒకే వలయంలో ఉంటాయి.

రెండోదాని గురించి ఒక్క మాట. 29 లక్షల మందికి పైగా మాట్లాడే గోండి, తన వ్యాకరణం తనకున్న గోండి, ఎనిమిదో షెడ్యూలులో లేనందున 'మాండలికాల' వైపు పడుతుంది. సంతాలీ, బోడో 2003లో రాజ్యాంగ సవరణతో ఆ షెడ్యూలులోకి వచ్చాయి. పేరు మారితే గాలిలో వాటా మారుతుంది. మాండలికం అన్నదానికి అరగంట చాలనిపిస్తుంది, భాష అన్నదానికి చాలదనిపిస్తుంది.

ఉత్తరాల కాలం

రేటింగులు లేని రోజుల్లో ఉత్తరాలే రేటింగులు. ఝుమ్రీ తలైయా పేరు పాత శ్రోతలందరికీ తెలుసు. జార్ఖండ్‌లో అభ్రకం గనుల దగ్గరి చిన్న ఊరు అది. రేడియో సిలోన్‌కు, వివిధభారతికి అక్కడి నుంచి పాటలు కోరుతూ గుట్టలుగా ఉత్తరాలు పోయేవి. దేశంలో ఎవరూ చూడని ఊరు రేడియో వల్ల పేరున్న ఊరయింది. ఎవరూ సర్వే చేయలేదు. వాళ్ళే కార్డులు కొని రాసి తమను తాము లెక్కలోకి తెచ్చుకున్నారు.

ఇందులో మనకు పాఠమూ ఉంది, మెలికా ఉంది. రాయడం వచ్చినవాళ్ళే ఉత్తరం రాస్తారు. ఆ కాలంలో మన ఇళ్ళలో ఎక్కువ విన్నది పెద్దవాళ్ళు, వాళ్ళకు అక్షరాలు రావు. వచ్చినవాళ్ళకు బడిలో తెలుగు అక్షరాలు వచ్చాయి గానీ, గోండిలో ఉత్తరం రాయవచ్చని ఎవరూ చెప్పలేదు. చదువుకున్న మేం అయినా వాళ్ళ తరఫున రాశామా? నిజం చెప్పాలంటే లేదు. ఊళ్ళో మొదట అక్షరాలు నేర్చినవాళ్ళం మేమే, ఒక్క కార్డు ముక్క రాయనివాళ్ళమూ మేమే. స్టేషనులో ఉత్తరాల సంచి తెరిచినవాళ్ళకు మన గూడెం పేరు కనిపించకపోతే తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు.

మేం అడిగి చూస్తే

ఊరి లెక్కలు రాసేది ఎవరు? మేమే. జనాభా లెక్కలకు ఉపాధ్యాయులే తిరుగుతారు. ఓటర్ల జాబితాకూ తిరుగుతారు. తెలంగాణలో 2014 ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వేకు, 2024 నవంబరు ఇంటింటి సర్వేకు కూడా ఇల్లిల్లూ తిరిగినవాళ్ళలో ఉపాధ్యాయులున్నారు. అందరి కోసం అన్ని లెక్కలూ రాసినవాళ్ళం, మన కోసం ఒక పేజీ రాయలేమా అనుకున్నాం. ఆ సమావేశం తర్వాత పై తరగతి పిల్లల చేత ఇంటింటా అడిగించాం. అది చిన్న ప్రయత్నం. అందుకే అంకెలు ఇక్కడ రాయడం లేదు, కొద్ది ఇళ్ళ అంకెను జిల్లా అంకెలా చెప్పడం సరికాదు. నేర్చుకున్నది మాత్రం చెబుతాం.

మొదటి రోజు పిల్లలు తెలుగులో "రేడియో వింటారా?" అని అడిగారు. చాలా ఇళ్ళలో "లేదు, పాడైంది" అన్నారు. పెద్దవాళ్ళకు రేడియో అంటే పెట్టె. ఆ పెట్టె అటక మీద ఉంది. 2011 జనాభా లెక్కల్లో రేడియో ఉన్న ఇళ్ళు 19.9 శాతమే, 2001లో 35.1 శాతం ఉండేవి. అది ఇంట్లో ఉన్న వస్తువుల లెక్క. మా పిల్లలూ తెలియకుండా వస్తువునే అడిగారు.

రెండో రోజు ప్రశ్న మార్చాం. ఇంటి భాషలో, "నిన్న మన భాష పాటలు, మాటలు ఎక్కడన్నా విన్నారా? దేంట్లో విన్నారు?" అని అడిగించాం. జవాబులు మారాయి. ఒకరు కొడుకు ఫోన్‌లో విన్నారు. ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్‌లా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని పెట్టి స్పీకర్ మీద పదిమందికీ వినిపిస్తారు. ఒకరు కిరాణా దుకాణం అరుగు మీద, ఇంకొకరు ఆటోలో విన్నారు. మేం వెతికిన శ్రోత పెట్టె దగ్గర లేడు, అరుగు మీద ఉన్నాడు.

ఇక మాకు నచ్చని జవాబులు. చాలామంది కుర్రవాళ్ళు వినడం లేదు. "ఎందుకు?" అని అడిగితే, కావలసిన పాట కావలసినప్పుడు ఫోన్‌లో ఇంటర్నెట్‌లో దొరుకుతుందన్నారు. కొత్త ఫోన్లలో ఎఫ్ఎం లేదన్నారు. ఇది నిజమే, ఎఫ్ఎం సౌకర్యం తీయవద్దని 2023లో కేంద్ర ప్రభుత్వమే ఫోన్ కంపెనీలకు సలహా పంపవలసి వచ్చింది. ఆడవాళ్ళు, ఆ సమయంలో పొయ్యి దగ్గరో చేలోనో ఉంటామన్నారు. ఒక పెద్దాయన, "పాటలే వస్తయి బిడ్డా, పట్టా సంగతి చెప్పరు, పింఛను సంగతి చెప్పరు, మన భాష పాటకేనా?" అన్నాడు. మా కాగితాల్లో అన్నిటికన్నా విలువైన మాట అదే. మన భాషా కార్యక్రమాలు ఏ స్టేషనులో వచ్చినా ఈ ప్రశ్న వేసుకోవాలి. పండగకు, పాటకు మన భాష, పనికొచ్చే సమాచారానికి వేరే భాష అని పంచితే, భాష గోడకు తగిలించిన తుడుం లాగా అవుతుంది.

ఎంతమంది అన్నది సగం ప్రశ్నే

1956లో పూనా ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. యునెస్కో సాయంతో ఆకాశవాణి అప్పటి బొంబాయి రాష్ట్రంలోని 150 ఊళ్ళలో రేడియో గ్రామీణ వేదికలు పెట్టింది. వారానికి రెండు సాయంత్రాలు, అరగంట చొప్పున 20 కార్యక్రమాలు. ఊళ్ళో కొంతమంది కలిసి కూర్చుని విని, చర్చించి, ఏం చేయాలో తేల్చుకోవాలి. పాల్ న్యూరాత్ అనే పరిశోధకుడితో కలిసి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ దీన్ని అంచనా కట్టింది. వేదిక ఉన్న ఊళ్ళను, రేడియో మాత్రమే ఉండి వేదిక లేని ఊళ్ళను, రేడియో కూడా లేని ఊళ్ళను పోల్చారు. కార్యక్రమాలకు ముందు, తర్వాత జనానికి ఏం తెలుసో అడిగారు. వేదిక ఉన్న ఊళ్ళలో తెలివిడి బాగా పెరిగింది, ఉత్త రేడియో ఉన్న ఊళ్ళలో అంతగా పెరగలేదు. అక్కడ కొలిచింది చెవులను కాదు, విన్న తర్వాత జరిగినదాన్ని.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియో ఇంకో తరహా. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తమ యాసలో, తమ చిరుధాన్యాల గురించి, తమ పాటలతో నడుపుతున్నారు. మాట్లాడేవాళ్ళు, వినేవాళ్ళు ఒకే ఊళ్ళ మనుషులైతే శ్రోత ఏమనుకుంటున్నాడో సంఘం సమావేశంలో మొహం మీదే తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఫోన్ ద్వారా నడిచింది. మనుషులు గోండిలో కూడా తమ సమస్య చెప్పి రికార్డు చేస్తారు, మిగతావాళ్ళు ఫోన్ చేసి వింటారు. అక్కడ అసలు లెక్క, చెప్పిన సమస్యల్లో ఎన్ని తీరాయన్నది.

మనలో కొందరు రచయితలు, 'కళకు, భాషకు అంకెలేమిటి, అవి కంపెనీల లెక్కలు' అంటారు. ఆ మాటతో మేం ఏకీభవించం. అంకె వద్దన్నవాడి తరఫున ఇంకొకడు అంకె రాస్తాడు, అది సున్నా అవుతుంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి మనదైనప్పుడు దాని లెక్క అడగడమూ, రాయడమూ మన పనే.

చేయవలసినవి

స్టేషన్లను, ప్రభుత్వాన్ని అడగవలసినవి మూడు. ఒకటి, చిన్న భాషలకు వేరే కుండ పెట్టి మెతుకు పట్టాలి. అంటే ఆ భాష మాట్లాడే ఊళ్ళలో విడిగా, చాలినంతమందిని అడగాలి. బ్రిటన్‌లో వేల్స్ భాషలో నడిచే బీబీసీ రేడియో కమ్రీకి శ్రోతలు ఎందరో పెద్ద స్టేషన్ల పక్కనే అదే పట్టికలో ప్రకటిస్తారు. చిన్న భాషకూ తన వరస తనకు ఉంటుంది. రెండు, ఆ భాష వచ్చినవాళ్ళే ఆ భాషలోనే అడగాలి. మూడు, వచ్చిన ఫలితం అదే భాషలో రేడియోలో చదివి వినిపించాలి.

మనం చేయవలసినది ఒక నోటుబుక్కు. బడికి 20 ఇళ్ళు చాలు. ఏడాదికి రెండుసార్లు, పనుల కాలంలో ఒకసారి, కోతలయ్యాక ఒకసారి, అవే ఇళ్ళలో అడగండి. 'సాధారణంగా వింటారా?' అని అడగవద్దు, అందరూ అవుననే అంటారు. 'నిన్న విన్నారా?' అని అడగండి. ఎక్కడ, దేంట్లో, ఎవరితో కలిసి అని అడగండి. విన్నదాంట్లో ఒక్క సంగతి చెప్పమనండి. వినకపోతే ఎందుకు వినలేదో వాళ్ళ మాటల్లోనే రాయండి. మనుషుల పేర్లు రాయవద్దు. 'వినలేదు' అన్న జవాబును దిద్దవద్దు. మన వైపు అంకె పెరగాలని ఒక్క గీత ఎక్కువ గీసినా రేపు నోటుబుక్కంతా చెత్తబుట్టలో పడుతుంది. లెక్క నిజంగా ఉంటేనే బలం.

పది బడుల నోటుబుక్కులు పక్కపక్కన పెడితే, మనకు అందే స్టేషను దగ్గరికి ఆ కాగితంతో పోవచ్చు. కార్యక్రమం పొద్దు మార్చండి, పట్టా సంగతి, పింఛను సంగతి మన భాషలో చెప్పండి, ఫలానా గుట్ట అవతల వినిపించడం లేదు అని చెప్పవచ్చు. అది అర్జీ కాదు, సమాచారం. వాళ్ళకూ పనికొస్తుంది.

ఆ పెద్దమనిషి మళ్ళీ ఎక్కడైనా ఎదురుపడితే, ఈసారి మాలో ఎవరమూ 'అందరూ వింటరు సార్' అనం. ఎంతమంది వింటున్నారో, ఎంతమంది వినడం లేదో, ఎందుకో చెబుతాం. పెద్దాయన అడిగిన పట్టా మాట కూడా ఆయనకు చదివి వినిపిస్తాం.